ఎర్లీ డెసిషన్‌లో సీటు వచ్చాక మిగతా దరఖాస్తులు వెనక్కి తీసుకోవాల్సిందేనా?

శ్రీదేవి_ఎడిసన్

మా అమ్మాయికి పోయిన వారం అమెరికా కాలేజీలో ఎర్లీ డెసిషన్ (ఈడీ) కింద సీటు వచ్చింది. అంటే ముందే దరఖాస్తు పెట్టి, సీటు వస్తే అక్కడే చేరతానని ఒప్పందం మీద సంతకం పెట్టే పద్ధతి. తను కోరుకున్న కాలేజీ, కోరుకున్న సబ్జెక్టు. ఆ సంబరం సర్దుమణగక ముందే ఇంట్లో గొడవ మొదలైంది. మిగతా కాలేజీలకు పెట్టిన దరఖాస్తులన్నీ క్రిస్మస్ సెలవుల్లోపు వెనక్కి తీసుకోమని స్కూలు కౌన్సెలర్ మెయిలు పెట్టారు. రట్గర్స్, పెన్ స్టేట్, పర్డ్యూ దరఖాస్తులు ఎప్పుడో వెళ్లిపోయాయి. జనవరి గడువున్న వాటిలో కొన్నింటిని కూడా థాంక్స్‌గివింగ్ సెలవుల్లో కూర్చుని పంపేసింది.

మా వారేమో, ఒక్కోదానికి ఫీజు కట్టాం, పిల్ల రాత్రుళ్లు మేలుకుని ఎస్సేలు రాసింది, మార్చి దాకా ఆగితే ఎక్కడెక్కడ సీటు వచ్చేదో తెలుస్తుంది, తెలిశాకే వద్దందాం, అడిగేదెవరు అంటున్నారు. అమ్మాయి ఒప్పుకోవడం లేదు. తను సంతకం పెట్టానంటోంది. మేం ఎయిడ్ (కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం) అడగలేదు. అసలు నియమం ఏమిటి? తీసుకోవాలంటే ఎలా తీసుకోవాలి? చాలా కాలేజీలకు ఒకేచోట నుంచి దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లో ఎంత వెతికినా అందుకు బటన్ కనిపించలేదు.

పద్మజ_ప్లేనో

మీ అమ్మాయి చెప్పిందే నిజం. ఆ ఒప్పందం మీద మూడు సంతకాలు ఉంటాయి: విద్యార్థిది, తల్లి లేదా తండ్రిది, కౌన్సెలర్‌ది. మీ ఇంట్లోంచి కూడా ఒకరు పెట్టే ఉంటారు, ఒకసారి చూసుకోండి. అమ్మాయికి అభినందనలు.

రవి_నేపర్‌విల్

నేను ఒప్పుకోను. అదేమీ చట్టం కాదు. సంతకం పెట్టినందుకు ఏ పిల్లనూ కోర్టుకు ఈడ్చినట్టు నేను వినలేదు. కాలేజీలు తమకు అనుకూలంగా రాసుకున్న కాగితం అది. మార్చి దాకా ఆగితే ఆకాశం ఊడిపడదు. ఫీజు కట్టినవాళ్లకు జవాబు అందుకునే హక్కు ఉంటుంది.

లలిత_ఫ్రీమాంట్

నేను ఒక హైస్కూల్ కౌన్సెలింగ్ ఆఫీసులో పనిచేస్తాను. ఏటా డిసెంబరులో ఇదే చర్చ మా గది గుమ్మంలో జరుగుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కోర్టు మాట రవి గారు అన్నది నిజమే, దావాలు వేయరు. కానీ ఆ ఒప్పందం చాలా స్పష్టంగా ఉంటుంది. ఈడీలో సీటు వస్తే మిగతా దరఖాస్తులను వెంటనే వెనక్కి తీసుకోవాలి, కొత్తగా ఏ దేశంలోని యూనివర్సిటీకీ పెట్టకూడదు. దానికి ఒక్క మినహాయింపు ఉంది: ఫైనాన్షియల్ ఎయిడ్ అడిగినవాళ్లు, ఆ కాలేజీ ఎయిడ్ ఎంతిస్తుందో చెప్పేదాకా మిగతావి ఉంచుకోవచ్చు. శ్రీదేవి గారు ఎయిడ్ అడగలేదు కాబట్టి ఆ వెసులుబాటు వారికి వర్తించదు.

ఇక కౌన్సెలర్ సంగతి. జనవరి, ఫిబ్రవరిలో మధ్య సంవత్సరం మార్కుల నివేదిక కాలేజీలకు పంపేది మేమే. ఈడీలో సీటు వచ్చిన విద్యార్థి నివేదికను మేం ఆ ఒక్క కాలేజీకే పంపుతాం. మిగతావాటి ఫైళ్లలో ఆ కాగితం లోటు కనిపిస్తుంది, వాళ్లు ఫోన్ చేసి అడుగుతారు. అప్పుడు నేను అబద్ధం చెప్పాలా? మా సంతకం కూడా అందులో ఉంది. 2025లో టులేన్ యూనివర్సిటీ కొలరాడోలోని ఒక స్కూలు పిల్లలకు ఏడాది పాటు ఈడీ దారి మూసేసింది. అంతకుముందు ఆ స్కూలు విద్యార్థి ఒకరు ఈడీలో సీటు వచ్చాక వెనక్కి తగ్గడమే కారణం. ఒకరు మాట తప్పితే కింది క్లాసు పిల్లలు అనుభవించారు.

రవి_నేపర్‌విల్

లలిత గారూ, మీ ఉదాహరణ నా వాదనకే బలం. ఒకరు చేసిన దానికి ఏ సంబంధమూ లేని పిల్లల్ని శిక్షించడం న్యాయమా? ఇంకో సంగతి చెప్పండి. కౌన్సెలర్ల, కాలేజీల జాతీయ సంఘం నాక్యాక్ 2019లో తన నియమాల్లో కొన్ని తీసేసింది కదా? ఈడీ విద్యార్థులకు ప్రత్యేక తాయిలాలు ఇవ్వకూడదనే నియమం పోయింది. ఎక్కడ చేరేదీ పిల్లలు తేల్చిచెప్పే గడువు మే 1 కదా, ఆ తర్వాత వేరేచోట చేరతానన్న పిల్లల వెంట పడకూడదనే నియమమూ పోయింది. న్యాయశాఖ అడిగితేనే తీసేశారు. అంటే కాలేజీలు చేరతానన్న పిల్లని ఎగరేసుకుపోవచ్చు, పిల్ల మాత్రం పక్కకు చూడకూడదు.

లలిత_ఫ్రీమాంట్

ఆ మార్పు జరిగిన మాట నిజం. కానీ అవి కాలేజీలు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న ఆంక్షలు. పోటీకి అడ్డు అని న్యాయశాఖ వాటిని తీయించింది. విద్యార్థి పెట్టిన సంతకాన్ని ఎవరూ రద్దు చేయలేదు. కొలరాడో పిల్లల విషయంలో నాకూ బాధే. అందుకే మా స్కూల్లో అలా జరగనివ్వను.

సురేష్_ఆల్ఫరెట్టా

ఈ చర్చలో నా గొంతు కాస్త గట్టిగా వినిపిస్తే మన్నించండి. మా అబ్బాయి డిఫర్ అయ్యాడు, అంటే ఎర్లీలో ఏదీ తేల్చకుండా రెగ్యులర్ దరఖాస్తులతో కలిపి మార్చిలో చూస్తామన్నారు. డిసెంబరు నుంచి మార్చి చివరి దాకా మా ఇల్లు ఎలా ఉందో మాకు తెలుసు. భోజనాల దగ్గర కాలేజీ మాట ఎత్తడం మానేశాం. అదే స్కూల్లో ఇంకో పిల్లకు వేరేచోట ఈడీలో సీటు వచ్చింది. అయినా మావాడు ఎదురుచూస్తున్న కాలేజీలో తన దరఖాస్తు అలాగే ఉంచింది. మార్చిలో ఆ పిల్లకు అక్కడా సీటు వచ్చింది. ఆ ఉత్తరాన్ని ఫొటో తీసి అందరికీ పంపించారు. చేరేది లేదని అందరికీ తెలుసు. మావాడికి వెయిట్‌లిస్ట్.

ఎక్కడెక్కడ వచ్చేదో చూద్దాం అనేవాళ్లు ఆ సరదా ఎవరి ఖర్చుతో జరుగుతోందో ఒక్కసారి ఆలోచించండి.

మెహర్_ఆస్టిన్

సురేష్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆ అమ్మాయి తీసేస్తే ఆ సీటు నేరుగా మీ అబ్బాయికి వచ్చేదా? అలా ఒకటికి ఒకటి లెక్క ఉండదు కదా. ఎంతమంది చేరరో కాలేజీలు ముందే అంచనా వేసి, సీట్ల కంటే ఎక్కువమందికే ఉత్తరాలు పంపుతాయి.

లలిత_ఫ్రీమాంట్

మెహర్ గారు చెప్పినట్టు నేరుగా చేతులు మారదు. కానీ అడ్మిషన్ ఆఫీసులో మన ప్రాంతం ఫైళ్లు చదివే మనిషి ఒకరే ఉంటారు చాలా కాలేజీల్లో. ఒకే స్కూలు నుంచి వచ్చిన దరఖాస్తులను పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. ఖాయంగా రాని విద్యార్థి ఫైలు కుప్పలోంచి తప్పుకుంటే మిగిలినవాళ్లను చూసే తీరు మారుతుంది. సురేష్ గారి అబ్బాయికి వచ్చేదని నేను చెప్పలేను, వచ్చేది కాదనీ చెప్పలేను. ఆ సందేహం మిగిలిపోవడమే బాధ.

సురేష్_ఆల్ఫరెట్టా

అదే నేను చెప్పేది.

కిరణ్_లెక్సింగ్టన్

నేను చదివిన కాలేజీ తరఫున ఏటా జనవరిలో పిల్లలను ఇంటర్వ్యూ చేస్తాను. జీతం లేదు, నా ఇష్టం కొద్దీ చేసే పని. లైబ్రరీలో ఒక మూల కూర్చుని గంటసేపు మాట్లాడి, ఇంటికి వచ్చి నివేదిక రాస్తాను. పోయిన ఏడాది ఒక అబ్బాయి చాలా బాగా మాట్లాడాడు. కీటకాల గురించి చెబుతుంటే కళ్లు వెలిగిపోయాయి. నివేదికలో ఒక్క మాట తగ్గించకుండా రాశాను. చివర్లో తెలిసింది, అతనికి డిసెంబరులోనే వేరేచోట ఈడీలో సీటు వచ్చిందని. ఇంటర్వ్యూ రద్దు చేస్తే ఎవరైనా అడుగుతారేమోనని వచ్చాడట. ఆ పిల్లాడి మీద కోపం రాలేదు, అలా పంపినవాళ్ల మీద వచ్చింది. ఆ సాయంత్రం ఇంకో పిల్లకు ఇచ్చి ఉండేవాణ్ణి. మా ఊళ్లో ఇంటర్వ్యూ చేసేవాళ్లు దొరకక మిగిలిపోయే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు.

రవి_నేపర్‌విల్

కిరణ్ గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇంటర్వ్యూకి వెళ్లడం తప్పే.

అయినా అసలు పద్ధతి మీదే నా ఫిర్యాదు. పేరున్న ప్రైవేటు కాలేజీలు చాలా వాటిలో దాదాపు సగం సీట్లు ఈడీలోనే నిండిపోతున్నాయి. ధర పోల్చుకోకుండా నవంబరు 1కే సంతకం పెట్టగలిగేది ఎవరు? డబ్బున్నవాళ్లు, లోగుట్టు తెలిసినవాళ్లు. 2006లో హార్వర్డ్, ప్రిన్‌స్టన్, వర్జీనియా యూనివర్సిటీలు ఇది పేదపిల్లలకు అన్యాయం అనే ఎర్లీ పద్ధతిని వదిలేస్తామన్నాయి. మిగతా కాలేజీలు వెంట రాలేదు. 2011లో ఆ మూడూ మళ్లీ తెచ్చుకున్నాయి. మనమేమో సంతకం పవిత్రత గురించి మాట్లాడుకుంటున్నాం.

పద్మజ_ప్లేనో

పద్ధతి అన్యాయమైతే సంతకం పెట్టకుండా ఉండాలి రవి గారూ. ఆ పద్ధతి వల్ల వచ్చే లాభం తీసుకుని, దాని షరతు మాత్రం వద్దంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే.

మాధవి_షార్లెట్

ఎయిడ్ మినహాయింపు మీద లలిత గారు రాసినది అందరూ మళ్లీ చదవండి. మా కథ అదే.

మాకు గ్యాస్ స్టేషన్ ఉంది. దరఖాస్తుకు ముందు కాలేజీ వెబ్‌సైటులో, ఎయిడ్ పోగా మనం ఎంత కట్టాలో అంచనా చెప్పే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో మా లెక్కలు వేసి చూసుకున్నాం. వచ్చిన అంకె కష్టపడితే భరించగలిగేదే. ధైర్యం చేసి ఈడీ పెట్టాడు మా బాబు, సీటు వచ్చింది. తర్వాత వచ్చిన ఎయిడ్ ఉత్తరం చూసి నోట మాట రాలేదు. ఎయిడ్ కోసం నింపే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారంలో వ్యాపారం విలువ రాస్తాం కదా, దాన్ని అమ్మి ఫీజు కట్టవచ్చన్నట్టు లెక్కగట్టారు. సొంత వ్యాపారం ఉన్నవాళ్లకు ఆ క్యాలిక్యులేటర్ సరిగ్గా చెప్పదని ఆ తర్వాత అందరూ చెప్పారు.

వెంటనే ఎయిడ్ ఆఫీసుకు అప్పీలు పెట్టాం. బ్యాంకు అప్పు కాగితాలు, రెండేళ్ల పన్ను పత్రాలు, పంపులు మార్చినప్పటి బిల్లులు అన్నీ జతచేశాం. కొంచెం పెంచారు. అయినా చాలలేదు. అప్పుడు బాబు అడ్మిషన్ ఆఫీసుకు ఫోన్ చేసి మాట్లాడాడు, తర్వాత మెయిలు రాశాడు. జనవరిలో ఒప్పందం నుంచి విడుదల చేస్తున్నట్టు రాతపూర్వకంగా ఇచ్చారు. ఆ మనిషి మర్యాదగానే మాట్లాడారు. కౌన్సెలర్‌కు ప్రతి అడుగూ చెబుతూ వచ్చాం కాబట్టి ఆవిడా మా వైపే నిలబడ్డారు.

మిగతా దరఖాస్తులు అప్పటికే తీసేసి ఉంటే మేం ఏమయ్యేవాళ్లమో. ఇప్పుడు మా రాష్ట్రం యూనివర్సిటీలోనే చదువుతున్నాడు, సంతోషంగా ఉన్నాడు. కాబట్టి ఎయిడ్ అడిగినవాళ్లు ఆ ఉత్తరం చేతికి వచ్చి, లెక్క కుదిరాకే మిగతావి తీయండి. అడగనివాళ్లకు ఆ సాకు లేదు.

వంశీ_ఇర్విన్

మాధవి గారి పోస్టుకు చిన్న చేర్పు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఎయిడ్, అంటే కేంద్ర ప్రభుత్వ సాయం రాదు. చాలా ప్రైవేటు కాలేజీలు ఎయిడ్ విషయంలో వాళ్లను అంతర్జాతీయ విద్యార్థులతోనే కలిపి చూస్తాయి. ఇక్కడే కిండర్‌గార్టెన్ నుంచి చదివినా అంతే. సంతకం పెట్టకముందే ఆ ఒక్క ప్రశ్న కాలేజీని అడగండి.

నా సందేహం: మావాడికి వచ్చింది ఎర్లీ యాక్షన్ (ఈఏ)లో, ముందే పెట్టి ముందే జవాబు అందుకునే ఇంకో పద్ధతి. అది కట్టుబాటు కాదు కదా? మేమూ తీసేయాలా?

పద్మజ_ప్లేనో

అక్కర్లేదు. ఈఏలో వస్తే మే 1 దాకా సమయం ఉంటుంది. హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్, స్టాన్‌ఫర్డ్ పెట్టే పరిమిత ఈఏ కూడా అంతే. వేరే ప్రైవేటు కాలేజీలకు ఎర్లీలో పెట్టకూడదనే షరతే గానీ, సీటు వస్తే చేరాలని లేదు.

వంశీ_ఇర్విన్

వాడు మాత్రం ఇక్కడికే వెళతానని తేల్చేశాడు. మూడు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లకు కూడా పెట్టాం, క్యాంపస్‌కు 80 డాలర్లు. ఆ డబ్బు తిరిగి రాదని తెలుసు.

మెహర్_ఆస్టిన్

ఎయిడ్ అంకె చూశాక కూడా మనసు మారదు అనుకుంటే తీసేయండి. ఈఏలో నియమం లేదు కాబట్టే ఇది మంచితనం అవుతుంది. మా అమ్మాయి అలాగే చేసింది. ఖర్చు పోల్చుకోవడానికి ఒక్క మా రాష్ట్రం యూనివర్సిటీ మాత్రం ఉంచుకుని, ఎలాగూ వెళ్లని వాటన్నిటికీ రాసేసింది. తన స్నేహితురాలు అందులో ఒక దానికోసం కలలు కంటోందని తనకు తెలుసు.

అనూరాధ_కూకట్‌పల్లి

మేం హైదరాబాద్ నుంచి. మా పాప ఈడీ-2లో, అంటే ఈడీ రెండో విడతలో, ఒక అమెరికా యూనివర్సిటీకి పెడుతోంది, ఫిబ్రవరి మధ్యలో ఫలితం వస్తుందట. యూకే యూనివర్సిటీలకు అక్కడి ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ యూకాస్ ద్వారా కూడా పెట్టాం. అమెరికాలో వస్తే యూకేవి కూడా తీసేయాలా? ఇక్కడ ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌లో అయితే ఒక సీటు చేతిలో పెట్టుకుని ఫ్లోట్ అని ఎంచుకుంటే తర్వాతి రౌండులో ఇంకా పైది చూసుకోవచ్చు. మా బంధువులందరూ అదే పద్ధతి అనుకుంటున్నారు. పాప జేఈఈ కూడా రాస్తోంది.

లలిత_ఫ్రీమాంట్

యూకేవి కూడా తీసేయాలండి, అందుకే ఏ దేశంలోనైనా అని ఒప్పందంలో ఉంటుంది. జోసాలో అందరి సీట్లూ ఒకే కంప్యూటర్ చూస్తుంది, మీరు పైకి వెళితే కింది సీటు అదే క్షణంలో ఇంకొకరికి వెళుతుంది. ఇక్కడ అలాంటి ఉమ్మడి వ్యవస్థ లేదు. మీరు చెబితేనే వాళ్లకు తెలుస్తుంది. అందుకే ఈ బాధ్యత పిల్లల మీద పడింది.

జేఈఈ పరీక్ష రాయడం వేరు, కౌన్సెలింగ్‌లో సీటు కోరడం వేరు అని నా అభిప్రాయం. కానీ నా అభిప్రాయం మీద ఆధారపడకండి. సంతకానికి ముందే ఆ యూనివర్సిటీకి మెయిలు రాసి అడగండి. వీసా రాకపోతే ఏం చేస్తారో కూడా అందులోనే అడగండి. జవాబు దాచుకోండి.

ప్రసాద్_హెర్న్‌డన్

శ్రీదేవి గారు అడిగిన రెండో ప్రశ్నను అందరూ మరిచిపోయారు. ఎలా తీసుకోవాలి? ఇద్దరు పిల్లలకు చేసిన అనుభవంతో రాస్తున్నాను.

కామన్ యాప్‌లో బటన్ లేదు. అక్కడి నుంచి ఒకసారి పంపాక ఆ దరఖాస్తు కాలేజీ చేతిలోకి వెళ్లిపోతుంది. కాబట్టి ఒక్కో కాలేజీతో విడిగా తేల్చుకోవాలి. దరఖాస్తు అందాక ప్రతి కాలేజీ ఒక పోర్టల్ లాగిన్ పంపుతుంది కదా, ముందు అందులో చూడండి. కొన్నింటిలో వెనక్కి తీసుకునే ఫారం అక్కడే ఉంటుంది, ఎక్కడో పేజీ అడుగున. లేకపోతే అడ్మిషన్ ఆఫీసుకు మెయిలు. యూసీలకు వాటి సొంత దరఖాస్తు వెబ్‌సైటు ఉంది, అక్కడి సూచనలు చూడండి.

మెయిలు అమ్మాయే రాయాలి, దరఖాస్తులో ఇచ్చిన తన మెయిలు నుంచే. తల్లిదండ్రులు రాస్తే కాలేజీ మళ్లీ అమ్మాయినే అడుగుతుంది. పూర్తి పేరు, పుట్టిన తేదీ, దరఖాస్తు నంబరు, స్కూలు పేరు. తర్వాత రెండే వాక్యాలు: "నాకు వేరే కాలేజీలో ఎర్లీ డెసిషన్‌లో సీటు వచ్చింది, అందువల్ల నా దరఖాస్తును వెనక్కి తీసుకుంటున్నాను. నా దరఖాస్తు చూసినందుకు ధన్యవాదాలు." ఏ కాలేజీలో వచ్చిందో చెప్పాల్సిన పని లేదు. క్షమాపణలూ అక్కర్లేదు.

ఆనర్స్ ప్రోగ్రాముకో, మెరిట్ స్కాలర్‌షిప్‌కో విడిగా పెట్టి ఉంటే వాటినీ ప్రస్తావించండి, ఆ కమిటీలు వేరుగా ఉంటాయి. జవాబు మెయిళ్లను ఒక ఫోల్డరులో దాచి, ఆ జాబితా కౌన్సెలర్‌కు పంపండి. అన్నిటికంటే ముందు, సీటు వచ్చిన కాలేజీ పోర్టల్‌లో చేరతానని నమోదు చేసి డిపాజిట్ కట్టారో లేదో చూసుకోండి. ఆ తర్వాతే మిగతావి.

తీసేశాక కూడా కొన్ని కాలేజీల నుంచి రంగురంగుల మెయిళ్లు వస్తూనే ఉంటాయి. కంగారు పడకండి. మా ఇంటికి ఒక కాలేజీ కరపత్రాలు మే నెల దాకా వచ్చాయి, మా అత్తగారు వాటితో అలమరా అరలన్నీ పరిచేశారు.

శ్రీదేవి_ఎడిసన్

మా వారిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచీ చదివించాను. రవి గారి పోస్టుల దగ్గర ఉత్సాహంగా తల ఊపారు. కిరణ్ గారి పోస్టు దగ్గర ఆగి, మళ్లీ చదివారు. ఆ ఒప్పందం కాపీ తీసి చూస్తే తల్లిదండ్రుల సంతకం ఆయనదే. ఇంకేమీ అనలేదు.

డిపాజిట్ నిన్ననే కట్టాం ప్రసాద్ గారూ. అమ్మాయి తనే మెయిళ్లు రాసుకుంటోంది. ఒక పోర్టల్‌లో ఫారం దొరికింది, కారణం ఎంచుకోమని అడిగింది, నొక్కగానే ధ్రువీకరణ వచ్చేసింది. ఇంకో కాలేజీ అభినందనలు చెబుతూ రెండు వరుసలు రాసింది. అది చూసి తను చాలా సంతోషపడింది.

రవి_నేపర్‌విల్

మంచి పని చేశారు. పద్ధతి మీద నా ఫిర్యాదు అలాగే ఉంది. మా చిన్నవాడు వచ్చే ఏడాది పెడతాడు, ఈడీ జోలికి వెళ్లనివ్వను. వాడు రెగ్యులర్‌లోనే పెట్టి అన్ని ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాడు.

మాధవి_షార్లెట్

అది సరైన నిర్ణయం రవి గారూ. అప్పుడు అవన్నీ చూసుకునే హక్కు పూర్తిగా ఉంటుంది.

సురేష్_ఆల్ఫరెట్టా

శ్రీదేవి గారి అమ్మాయికి నా తరఫున ధన్యవాదాలు చెప్పండి.

అనూరాధ_కూకట్‌పల్లి

ఇంకొక్క సందేహం. కాలేజీలతో సంబంధం లేకుండా బయటి సంస్థలు ఇచ్చే స్కాలర్‌షిప్‌లకు పెట్టినవి కూడా తీసేయాలా?

లలిత_ఫ్రీమాంట్

వద్దు, అవి ఉంచుకోండి, అవి యూనివర్సిటీ దరఖాస్తులు కావు. డబ్బు వస్తే చేరబోయే కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు తెలియజేయాలి, కొన్ని కాలేజీలు ఆ మేరకు తమ ఎయిడ్ సర్దుతాయి. సీటు వచ్చింది కదా అని చివరి సంవత్సరం మార్కులు మాత్రం జారనివ్వకండి. జూన్‌లో తుది మార్కులు చూసి సీటు రద్దు చేసిన సందర్భాలు మా ఆఫీసు చూసింది.